ఎడమచేతి కోటు

పోయిన వారం తాడక్కను పాత టిక్కెట్ హాలు ముందు, బంగారు అంచు టోపీ పెట్టుకున్న ఒక కెప్టెన్ ఎదురుగా నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారమంతా అలాగే నిలబడి ఉంది. “వదినా, ఒక్కసారి రేవుకి రండి” అని ఫోన్లో చెప్పి పెట్టేసిన గొంతు వెంటపడి, ఇరవై ఏళ్ళ కిందట మూతపడ్డ రేవుకి ఆమె మళ్ళీ వచ్చింది. ఒకప్పుడు తాను పనిచేసిన, ఇప్పుడు పార్కుగా మారిన చోటికే టిక్కెట్టు కొనుక్కుని లోపలికి అడుగుపెట్టింది. పిల్లల్ని చెరో పక్కనా నిలబెట్టుకుని ఫొటోలకి సెల్యూట్ కొడుతున్న ఆ కెప్టెన్ ఇటు తిరగ్గానే గుర్తుపట్టింది. అతను కెప్టెనూ కాదు, పాడూ కాదు. పాత ఫెర్రీలో టీలు కాచినవాడు. ఆఖరి ఫెర్రీ వెళ్ళిన రోజున ఆమె చెల్లెల్ని వెంటబెట్టుకుని అవతలి ఒడ్డుకి పోయినవాడు. వరసకి మరిది.

దారిలో కథ అందుకున్నవాళ్ళకి రెండు ముక్కలు. ఫెర్రీ ఒడ్డుకి వచ్చినప్పుడు దాని మీద నుంచి విసిరిన తాడు అందుకుని గట్టు మీదున్న ఇనుప గుంజకి తగిలించడం, బయల్దేరేటప్పుడు ఊడదీసి నీళ్ళలోకి వదలడం, ఇదీ తాడు పని. ఆ పనిలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి కాబట్టి రేవంతా ఆమెని తాడక్క అంది. తల్లీ తండ్రీ పోయాక రేవు వెనకాల ఒంటిగది క్వార్టర్లో చెల్లెల్ని సాకింది. ఆ చెల్లెలు క్యాంటీన్ వాడితో వెళ్తానంటే, “పోతే పో, మళ్ళీ నా మొహం చూడకు” అంది. ఆ మాట ఇద్దరూ నిలబెట్టారు. అంత మొండి రక్తం వాళ్ళది.

“వదినా,” అన్నాడు కెప్టెన్, టోపీ తీసి చంకలో పెట్టుకుని.

బస్సులో వచ్చినంతసేపూ తాడక్క తిట్లు నూరుకుంటూనే వచ్చింది. కానీ వరస పెట్టి పిలిచే మనిషి ఆమెకి ఇరవై ఏళ్ళుగా లేడు. రేవు మూశాక సముద్రం గాలి సోకనంత లోపలి ఊరికి పోయి, ఒక బట్టల గోడౌన్లో మూటలు కట్టే పనికి చేరింది. అక్కడ ఆమె ‘మూటలావిడ’. అద్దెకున్న ఇంట్లో ‘వెనకగది ఆవిడ’. అక్కా, వదినా, పిన్నీ అన్న పిలుపులు పక్కవాటాల్లోంచి గోడ దాటి చెవిన పడ్డవే తప్ప తనకని వచ్చినవి కావు. కొన్ని ఆదివారాలు ఏ పనీ లేకపోయినా బస్సెక్కి, కండక్టరు “ఎక్కడికమ్మా?” అంటే ఏదో ఒక ఊరి పేరు చెప్పి, అక్కడ దిగి, ఒక టీ తాగి తిరిగొచ్చేది. ఆ ఒక్క ‘అమ్మా’ కోసమే ఆ ప్రయాణం. అలాంటి మనిషిని ఎదురుగా నిలబడి వదినా అనేసరికి, నూరుకున్న తిట్లలో సగం ఎటు పోయాయో పోయాయి.

మిగిలిన సగంతో మొదలుపెట్టింది.

“ఏవయ్యా, టీ గిన్నె సరిగ్గా తోమడం చేతకాని వాడివి, కెప్టెన్‌వి ఎప్పుడయ్యావు?”

“ఉద్యోగం వదినా. అసలు కెప్టెన్ కన్నా నాకే సెల్యూట్లు ఎక్కువ.”

“కూర్చోడానికి కుర్చీ అయినా ఇచ్చారా లేదా?”

“కెప్టెన్ కూర్చుంటే ఫొటో బాగా రాదుటండీ.”

నవ్వు రాబోయింది. బలవంతాన ఆపుకుంది. నవ్వులకీ తుళ్ళింతలకీ రాలేదామె, తాడో పేడో తేల్చుకుపోదామని వచ్చింది.

“అదేదీ?” అంది.

‘అది’ అంటే ఎవరో విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మరిది నీళ్ళు నమిలాడు. “ముందు ఇలా రండి వదినా. అంతా ఒకసారి చూద్దురుగాని. ఎంత మారిపోయిందో మీరే చెప్తారు.”

మారిపోవడమంటే మామూలుగానా! లారీలు బారులు తీరే చోట జెయింట్ వీల్ తిరుగుతోంది. డీజిల్ మరకలతో నల్లగా జిడ్డోడే నేల మీద నున్నటి రాళ్ళు పరిచారు. తాళ్ళు ఆరేసే షెడ్డు గాజు తలుపులు పెట్టుకుని ఐస్‌క్రీం కొట్టయింది. ఇనుప గుంజలకి ఎర్రరంగు పూసి, పైన తెల్లచుక్కలు పెట్టి, పుట్టగొడుగులని పేరు పెట్టారు. వాటి మీద పసిపిల్లలు కాళ్ళూపుకుంటూ కూర్చున్నారు. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ప్రతి దీపస్తంభానికీ ఒక స్పీకరు బిగించి అందులోంచి అలల చప్పుడు వేస్తున్నారు. పక్కనే అసలు సముద్రం తన చప్పుడేదో తాను చేసుకుంటూనే ఉంది. దాన్ని పట్టించుకునే నాథుడు లేడు.

“సముద్రం పక్కన అలల టేపెందుకయ్యా?”

“ఒక్కోరోజు అది చప్పుడు చెయ్యదు కదండీ. జనం టిక్కెట్టు కొనుక్కుని వస్తారాయె, ఊరుకుంటారా!”

చోటు దరిద్రంగా ఉంటే తాడక్కకి ఎంతో సుఖంగా ఉండేది. నాలుగు శాపనార్థాలు పెట్టి వెళ్ళిపోయేది. కానీ బాగుంది. నీడ ఉంది, కూర్చోడానికి బెంచీలున్నాయి, ముసలివాళ్ళు కూడా చేతులు పట్టుకుని నడుస్తున్నారు. ఏ ఒక్కరూ ఒంటరిగా రాలేదు. ఒక కుర్రజంట ఆమె చేతికి ఫోనిచ్చి ఫొటో తీయమన్నారు. తీసిచ్చింది. “మీకూ ఒకటి తీయమంటారా ఆంటీ?” అని మర్యాదకి అడిగారు. వద్దంది. తీయించుకుంటే ఎవరికి చూపిస్తుంది?

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని తాడు పనివాళ్ళ మేస్త్రీ ఊరికే అంటుండేవాడు. అప్పుడు అందరూ నవ్వేవాళ్ళు. ఇంతమంది మధ్య నడుస్తూ ఉంటే, ఆ మాట ఇప్పుడు తన గురించే అన్నట్టుంది ఆమెకి.

మళ్ళీ అడిగింది. “అది ఎక్కడుంది? అక్కడే ఉందా, అవతలి ఒడ్డునే?”

“ఈ ఫౌంటెన్ చూశారా వదినా, సాయంత్రం అయితే పాటకి తగ్గట్టు నీళ్ళు...”

“నీళ్ళ సంగతి నాకు చెప్తావా?” అని ఆమె గొంతు పెంచబోయి, ఆగిపోయింది. ఎదురుగా గట్టు చివర ఇంకో ఫొటోల చోటు ఉంది. తెల్లటి కొత్త తాడు చుట్టలు చుట్టి పెట్టారు. ఆ తాడు ఒక్కసారైనా నీళ్ళు చూసినట్టు లేదు. దాని పక్కన ఒక అమ్మాయి నిలబడి, తాడు కొస చేతికి నాలుగు చుట్లు చుట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఎదురుగా ఆమె మొగుడు ఫోన్ పట్టుకుని, “ఇంకొంచెం లాగినట్టు పెట్టు మొహం” అని దర్శకత్వం వహిస్తున్నాడు.

తాడక్కని ఆపింది ఆ అమ్మాయి కాదు. ఒంటి మీదున్న కోటు.

ముదురు నీలం రంగు దళసరి గుడ్డ. వీపు మీద అడ్డంగా నారింజ పట్టీ. మోచేతుల దగ్గర రెండో వరస గుడ్డ. అంతవరకు రేవులో తాడు పని చేసినవాళ్ళందరి కోటూ అదే, ఎవరైనా పాత ఫొటో చూసి కుట్టొచ్చు. కానీ గాలికి ముందు భాగం తెరుచుకున్నప్పుడు లోపలి వైపు జేబు కనబడింది. కుడిపక్కన కనబడింది.

తాడు ఎక్కడైనా బిగుసుకుపోతే కోయడానికి ప్రతివాళ్ళూ ఒక చిన్న కత్తి లోపలి జేబులో పెట్టుకుంటారు. కుడిచేతివాళ్ళకి ఆ జేబు ఎడమపక్కన ఉంటుంది, చెయ్యి అడ్డంగా వెళ్ళి తీసుకోవడానికి. రేవు ఇచ్చే కోట్లన్నీ అలాగే ఉండేవి. తాడక్కది ఎడమచేతి వాటం. కొత్త కోటు ఇచ్చినప్పుడల్లా చెల్లెలు రాత్రి దీపం దగ్గర కూర్చుని ఆ జేబు విప్పి, కుడిపక్కకి మార్చి కుట్టేది. రేవు మొత్తం మీద అలాంటి కోటు ఒక్కటే ఉండేది.

ఆమె గబగబా ఆ అమ్మాయి దగ్గరికి నడిచింది.

“ఆంటీ, మీరిక్కడ పనిచేస్తారా?” అంది అమ్మాయి. “తాడు ఇలాగేనా పట్టుకోవాలి?”

“చేతికి చుట్టుకోకమ్మా. అలా చుట్టుకుంటే చెయ్యి పోతుంది,” అంది తాడక్క, అలవాటు కొద్దీ.

అమ్మాయి, మొగుడూ పగలబడి నవ్వారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. తాడక్క కోటు అంచు పట్టుకుని జేబు కుట్టు తిప్పి చూసింది. జేబు మూలల్లో దారం మూడుసార్లు తిప్పి, నాలుగోసారి లోపలికి దూర్చేసి ఉంది. ఊడిపోకుండా అలా కుట్టడం తల్లి నేర్పింది. తల్లి నేర్పిన ఇద్దరిలో ఒకరు ఈ కుట్టు ఇప్పుడు పట్టుకుని చూస్తున్నారు.

వెనక్కి తిరిగి చూస్తే మరిది టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకుని ఉన్నాడు. దెబ్బ తగలకుండా పెట్టుకున్నట్టుంది.

“ఈ కోటు కుట్టిన మనిషి ఎక్కడుంది?”

ఇక దాచడం అతని వల్ల కాలేదు. “ఇక్కడే ఉంది వదినా. ఆరునెలలైంది మేం వచ్చి. ఫొటోలకి వేసుకునే బట్టలన్నీ కుట్టేది తనే. పాత సామాను గది లేదూ, అందులోనే మిషను.”

పాత సామాను గది వాళ్ళు నిలబడ్డ చోటికి కనబడుతూనే ఉంది. తలుపు పక్కన రంగురంగుల టోపీలు వేలాడుతున్నాయి. తాడక్క కాళ్ళు అటు ఒక అడుగు వేసి, మరో అడుగుకి మొరాయించాయి. బస్సులో ఆమె ఊహించుకున్న దూరాలు వేరు. చెల్లెలు చచ్చిపోయిందని చెప్తాడేమో అనుకుంది. జబ్బు పడిందంటాడేమో అనుకుంది. ఇంత దగ్గరలో కూర్చుని బట్టలు కుడుతుంటుందని మాత్రం అనుకోలేదు.

“నన్ను రమ్మందా?”

“లేదు. నేను పిలిచానని తెలిస్తే ఈ టోపీతో సహా నన్ను సముద్రంలో గిరాటేస్తుంది,” అని మరిది పక్కనున్న బెంచీ చూపించాడు. “కూర్చోండి. ఒక మాట చెప్పాకే మిమ్మల్ని అటు పంపుతాను.”

కూర్చుంది. కెప్టెన్ కూర్చోకూడదు కాబట్టి అతను నిలబడే చెప్పాడు.

“ఆ రోజు అది దిగిపోదామనుకుంది వదినా.”

“ఏ రోజు?”

“ఆఖరి ఫెర్రీ రోజు. ర్యాంపు ఎత్తేశారు. గట్టు మీద బ్యాండు వాయిస్తున్నారు. ఓడ ఆగకుండా కూతలు వేస్తోంది, ఆఖరిసారి కదా అని. నేను కింద గ్లాసులు సర్దుకుంటున్నాను. అది వచ్చి నా చెయ్యి పట్టుకుని, ‘నేను దిగిపోతాను, అక్క ఒక్కతే అయిపోతుంది’ అంది. నేను నోరు తెరిచేలోపు మెట్లెక్కి పరిగెత్తింది. వెనకాలే నేనూ పరిగెత్తాను. వెళ్ళేసరికి రెయిలింగు మీద సగం మనిషి బయటికి వంగి, అక్కా, అక్కా అని అరుస్తోంది. మీరు గట్టు మీద ఉన్నారు. ఆ ఐస్‌క్రీం కొట్టు అంత దూరంలో. తాడు ఊడదీశారు, నీళ్ళలోకి వదిలారు, చేతులు దులుపుకున్నారు. ఇటు వీపు పెట్టి నడిచి వెళ్ళిపోయారు. ఒక్కసారి కూడా తిరగలేదు.”

“నాకు వినబడలేదయ్యా. ఆ కూతల్లో నా మాట నాకే వినబడలేదు.”

“వినబడకపోతే పోయింది. చూడలేదేం? సొంత చెల్లెలు పోతోంటే ఎవరైనా తిరిగి చూడరూ?”

“చూడకూడదు!” అంది ఆమె. అరుపులాగే వచ్చింది ఆ మాట. పుట్టగొడుగు మీద కూర్చున్న పిల్లాడొకడు ఇటు చూశాడు. “తాడు మనుషుల్లో అది చట్టం. పూర్వం ఒకడు ఓడ అందం చూస్తూ నిలబడితే, పరిగెత్తే తాడు కాలికి చుట్టుకుని నీళ్ళలోకి లాక్కుపోయిందిట. అప్పట్నించీ తాడు వదిలావా, వీపు తిప్పావా, నడిచావా, అంతే. చూస్తే ఆ ఓడ మళ్ళీ తిరిగి రాదని కూడా అనేవాళ్ళు. నేను ఏ ఓడనీ చూడలేదు. చేరిన రోజు నించీ ఒక్కదాన్నీ చూడలేదు.”

ఓడలో పనిచేసినా మరిది ఎప్పుడూ కింద క్యాంటీన్లోనే ఉండేవాడు, గట్టు మీది కట్టుబాట్లు అతనికేం తెలుసు. మెల్లగా, “ఆ ఓడ ఎలాగూ తిరిగి వచ్చేది కాదు కదా వదినా,” అన్నాడు.

ఆమె ఐస్‌క్రీం కొట్టు దాకా ఉన్న దూరం కళ్ళతో కొలుచుకుంది.

“అది నాతో వచ్చేసిందని అందరూ అంటారు,” అన్నాడు అతను, సముద్రం వైపు చూస్తూ. “రాలేదు. దిగలేక మిగిలిపోయింది. బాగానే ఉన్నాం, కాదనను. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. కానీ ఇంట్లో నా పక్కన కూర్చున్నప్పుడు కూడా ఒక చెవి ఎటో పెట్టుకుని ఉంటుంది. ఇక్కడికొచ్చాక కెప్టెన్ బట్టలూ, సెయిలర్ బట్టలూ కుట్టమన్నారు. ఈ తాడు కోటు ఎవరూ అడగలేదు. తనకి తానే కుట్టింది. జేబు తప్పుపక్కన పెట్టావేమే అంటే, కొంతమంది చేతులు అంతే అంది. ఇరవై ఏళ్ళలో మీ ఊసెత్తడం అదే. మర్నాడే వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని మీ నంబరు సంపాదించాను.”

చెప్పేసి, ఎవరో పిల్లలు పిలిస్తే సెల్యూట్ కొట్టడానికి వెళ్ళాడు. కళ్ళు తుడుచుకుని వెళ్ళాడో లేదో టోపీ నీడలో కనబడలేదు.

తాడక్క బెంచీ మీద కూర్చుండిపోయింది. మొదట ఏడుపు వచ్చింది. తర్వాత, సిగ్గు లేకుండా చెప్పాలంటే, సంతోషం వచ్చింది. అక్క ఒక్కతే అయిపోతుందని అందట! ఇన్నేళ్ళూ తనని పూచికపుల్లలా తీసిపారేసి పోయిందనుకున్న పిల్ల, దిగిపోదామని పరిగెత్తిందట. ఇక అడ్డమేముంది? పిలిచింది వినబడలేదు. తిరగకపోవడం పనిలో కట్టుబాటు. అదే సంగతి దానికి చెప్తే సరిపోతుంది. ఒక్క మాటతో పోయేదానికి ఇద్దరూ ఇంత బతుకు పాడుచేసుకున్నారు. ఆ ఒక్క మాటా నోట పట్టుకుని లేచి, టోపీలు వేలాడుతున్న తలుపు వైపు నడిచింది. గోడౌన్ వాళ్ళకి ఏం చెప్పి పని మానేయాలో, వెనకగది ఎప్పుడు ఖాళీ చేయాలో కూడా ఆ నాలుగడుగుల్లోనే ఆలోచించేసింది. ఆశకి అంత తొందర.

సామాను గదిలో పెట్టెల అరలన్నీ బట్టలతో నిండి ఉన్నాయి. కిటికీ పక్కన మిషను. మిషను ముందు ఒక నడివయసు ఆడమనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకుని, తెల్ల ప్యాంటు అంచు కుడుతోంది. పాపిట్లో నెరుపు వచ్చింది. తాడక్క మనసులో ఉన్న పిల్లకి నెరుపు లేదు. ఆ పిల్లని వెతుక్కుంటూ కళ్ళు ఒకసారి గదంతా తిరిగి, మళ్ళీ ఈ మనిషి దగ్గరికే వచ్చి ఆగాయి.

“కెప్టెనా, సెయిలరా?” అంది చెల్లెలు, తల ఎత్తకుండానే.

తాడక్క నోట్లో పట్టుకొచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది. వేలెత్తి గోడకి వేలాడుతున్న ఇంకో నీలం కోటు చూపించింది. చెల్లెలు వేలు చూసింది, మనిషిని చూడలేదు. రోజుకి ఎంతమందికి కొలతలు తీస్తుందో, మొహాలు చూసే ఓపిక ఎప్పుడో పోయింది.

“అటు తిరగండి.”

తిరిగింది. వీపు మీద టేపు పడింది. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా నడిచి, ఎడమ భుజం దగ్గర ఆగింది. తాళ్ళు లాగి లాగి ఆ భుజం వయసులో ఉన్నప్పుడే కిందికి జారింది. చెల్లెలి వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. కాసేపటికి గుండుసూదులు ఒక్కొక్కటే డబ్బాలో వేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

“ఈ కొలత నాకు తెలుసు,” అంది వెనకనుంచి.

తాడక్క ఇటు తిరిగింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కౌగిలించుకుంటారని మీరు అనుకుంటున్నారేమో. తాడక్క కూడా అలాగే అనుకుని చేతులు కొంచెం చాపింది. చెల్లెలు వెళ్ళి మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది.

తలుపు దగ్గర బంగారు అంచు టోపీ తొంగి చూసింది. “నువ్వు పోయి సెల్యూట్లు కొట్టుకో. నీ సంగతి తర్వాత,” అంది చెల్లెలు. టోపీ మాయమైంది.

“ఒసే, నాకు తెలీదే,” అంది తాడక్క. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. “నువ్వు పిలిచావని ఇవాళే, ఇప్పుడే తెలిసింది. కూతల్లో వినబడలేదు. నేను తిరగలేదంటే కోపంతో కాదే. తాడు వదిలాక చూడకూడదు, అది మా పనిలో...”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“చూడకూడదని. క్వార్టర్స్ పిల్లలందరం ఆ ఆటే కదా ఆడేవాళ్ళం. ఒకళ్ళు ఓడ, ఒకళ్ళు తాడు. వదిలాక తిరిగి చూసినవాళ్ళు ఔట్. నువ్వు తిరగవని తెలిసే పిలిచానక్కా. పిలవకుండా ఉండలేక పిలిచాను. దానికి నాకే కోపమూ లేదు.”

చేతిలో ఉన్న ఒక్క మాటా ఖర్చయిపోయింది. ఇన్నేళ్ళ దూరానికీ కారణం ఆ వీపే అయితే, మన్నించమని కాళ్ళావేళ్ళా పడొచ్చు. వీపు కాదంటోంది.

“మరి దేనికే?”

మిషను ఆగలేదు. ఆ చప్పుడు మీదుగానే మాట్లాడింది చెల్లెలు.

“ఓడకున్న రెండు తాళ్ళలో నువ్వు ముందు వదిలే తాడు మనిషివి. ఎప్పుడూ ఆ మొదటి గుంజ దగ్గరే నీ చోటు. చిన్నప్పటి నించీ కిటికీలోంచి చూసినదాన్ని, నాకు తెలీదా? ఆఖరి తాడు మేస్త్రీది. ఎవరికీ ఇచ్చేవాడు కాదు. జ్వరంతో వణుకుతూ కూడా తనే వచ్చి వదిలేవాడు. ఆ రోజు నేను రెయిలింగు దగ్గరికి వచ్చేసరికి ఆయన గుంజ దగ్గర నువ్వున్నావు. ఆయనేమో పక్కన ఊరికే నిలబడి ఉన్నాడు. నువ్వు అడిగి ఉండకపోతే ఆయన ఇవ్వడు.”

ప్యాంటు అంచు అయిపోయింది. దారం కొరికి, ఇంకో కాలు అందుకుంది.

“నేను పోతే పోయాను. ఓడ తీసుకుపోయింది అనుకునేదాన్ని. నన్ను నీ చేత్తోనే వదలాలని ఎందుకు అనుకున్నావక్కా?”

ఇరవై ఏళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగే మనిషి లేకపోతే జవాబు చెప్పుకోవాల్సిన పనేముంది? తాడక్క తనకి తాను కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు నాలుక మీదికి మొదట వచ్చింది ఒక మామూలు మాట.

“ఆ రోజు మేస్త్రీకి నడుం...”

“అబద్ధమైతే తలుపు అటుంది,” అంది చెల్లెలు.

తాడక్క తలుపు వైపు చూసింది. బయట పిల్లలెవరో కేరింతలు కొడుతున్నారు. అటు వెళ్తే బస్సుంది, వెనకగది ఉంది, అక్కడ ఏ ప్రశ్నా అడిగేవాళ్ళు లేరు. కొలతలకి వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు కాలితో దగ్గరికి లాక్కుని కూలబడింది.

“నువ్వు నన్ను వదిలేసి పోయావని రేవంతా అనుకోకూడదని,” అంది. “నేనే వదిలానని అనిపించుకోవాలని.”

ఆ మాట తన చెవికే అతకలేదు. చెల్లెలు వింటోందో లేదో తెలీదు, మిషను మీదికి వంగే ఉంది. తాడక్క ఎడమ చెయ్యి చాపి తిరుగుతున్న చక్రాన్ని పట్టుకుంది. సూది గుడ్డలో సగం దిగి ఆగింది.

“కాదు. అదీ అబద్ధమే,” అంది. “కుట్టడం ఆపు. ఆ ఓడ పోయే ముందు రోజు రాత్రి మేస్త్రీ ఇంటికి నేను దేనికెళ్ళానో చెప్తాను.”